టవరు ఊరిలోనే ఉన్నది; మాట ఎందుకు ఆలస్యమవుతున్నది?

2020 మార్చిలో పాఠశాలలు మూతపడిన తరువాత, బళ్లారి జిల్లా సరిహద్దు గ్రామంలోని మా పిల్లలకు చాలాకాలం సెల్‌ఫోను ద్వారానే పాఠం చెప్పవలసి వచ్చినది. ఉదయం కన్నడ మాధ్యమం పిల్లలకు, మధ్యాహ్నం తెలుగు పిల్లలకు. ఒకనాడు నాల్గవ తరగతికి ఎక్కం అడుగుతున్నాను. "ఏడు ఎనిమిదులు ఎంత?" అన్నాను. జవాబు రాలేదు. కొంతసేపు చూచి, "పోనీ, ఏడు తొమ్మిదులు?" అన్నాను. వెంటనే ఒక బాలుడు "యాభై ఆరు" అన్నాడు. "తప్పు" అన్నాను.

బాలుడు చెప్పినది తప్పు కాదు. అది మొదటి ప్రశ్నకు జవాబు. అతని మాట నన్ను చేరేలోపు నేను రెండవ ప్రశ్నకు పోయినాను. ఆ సంగతి నాకు తెలిసేసరికి అతడు జవాబులు చెప్పడం మానివేసినాడు. కొన్నాళ్లకు అతని తండ్రి నాకు సంతలో ఎదురుపడి, "సారూ, టవరు మా చేని గట్టునే ఉంది. గీతలు నిండుగా చూపిస్తాది. మా వానికీ మీకూ నడుమ కిలోమీటరు గూడా లేదు. మాట మాత్రం యాడికో పోయి వచ్చినట్టు వస్తాది. ఎందుకు?" అని అడిగినాడు.

ఆయన ప్రశ్నలోనే జవాబు ఉన్నది. మాట నిజంగానే ఎక్కడికో పోయి వస్తున్నది. అది ఎక్కడికి పోతున్నది, అంత దూరం పోకుండ చేయవచ్చునా, చేసిన యెడల మనవంటి సరిహద్దు ఊళ్లకు ఏమి లాభము అన్న విషయమును తెలిసినంతలో వివరించుటకే ఈ వ్యాసం.

వేగము వేరు, జాప్యము వేరు

మనలో చాలామంది నెట్‌వర్కు మంచిదా కాదా అన్నది ఒకే మాటతో చెపుతారు: "స్పీడు ఉంది", "స్పీడు లేదు". నిజానికి ఇందులో రెండు సంగతులు కలిసి ఉన్నవి. వానిని మన కాలువతో పోల్చి చూద్దాం.

హొసపేట దగ్గరి తుంగభద్ర జలాశయం నుండి ఎగువ కాలువ బళ్లారి జిల్లా మీదుగా అనంతపురం జిల్లాకు పోతున్నది. కాలువ ఎంత వెడల్పు, ఒక్కసారిగా ఎన్ని క్యూసెక్కులు పారుతవి అన్నది ఒక లెక్క. గేటు ఎత్తిన తరువాత ఆ నీరు చివరి ఆయకట్టు రైతు మడిని చేరుటకు ఎంతకాలం పడుతుంది అన్నది మరొక లెక్క. కాలువను రెండింతలు వెడల్పు చేసినంత మాత్రాన చివరి రైతుకు నీరు సగం సమయంలో రాదు. మొదటి లెక్కను నెట్‌వర్కులో సామర్థ్యం అంటారు. మనం స్పీడు అనేది దీనినే. రెండవ లెక్క జాప్యం. ఇంగ్లీషు చదువరులు లేటెన్సీ అనేది ఇదే.

సినిమా చూచుటకు సామర్థ్యం చాలును. మొదట ఒక క్షణం ఆలస్యమైనా తరువాత ధార తెగకుండ వస్తుంది. కాని ప్రశ్న, జవాబు ఉన్న పనులకు జాప్యమే ముఖ్యం. పాఠం, డాక్టరుతో వీడియో సంభాషణ, ఫోను మాట ఇవన్నీ ఆ కోవకు చెందినవి. ఒకవైపు మాట చేరుటకు 150 మిల్లీసెకన్లు, అనగా సెకనులో సుమారు ఏడవ వంతు, మించకుండ ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం తన ప్రమాణంలో చెప్పినది. అది బాగా మించినప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడుట, ఇద్దరూ ఒకేసారి ఆగుట మొదలవుతుంది. ఆనాడు మా తరగతిలో జరిగినది ఇదే.

టవరు గుమ్మము మాత్రమే

చేని గట్టున ఉన్న టవరు నెట్‌వర్కుకు గుమ్మం వంటిది. ఇల్లు వేరొక చోట ఉన్నది. ఫోను నుండి వెలువడిన మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా మారి టవరుకు చేరుతుంది. అక్కడి నుండి తీగ మీదనో, గాలిలో మైక్రోవేవ్ మీదనో కంపెనీ ప్రధాన కేంద్రానికి పోతుంది. ఆ కేంద్రంలో దానిపై అనేక పనులు జరుగుతవి. ఈ ఫోను ఎవరిది, ప్యాకు ఉన్నదా లేదా అని ఒకటి చూస్తుంది. ఎంత డేటా వాడినారో ఒకటి లెక్క వ్రాస్తుంది. హానికరమైన రాకపోకలను ఒకటి ఆపుతుంది. దీనికి ఫైర్‌వాల్ అని పేరు. అనేక ఫోనులకు ఒకే ఇంటర్నెట్ చిరునామాను ఒకటి సర్దుతుంది. చివరకు గేట్‌వే అనే సింహద్వారం గుండా ప్యాకెట్టు ఇంటర్నెట్టులోనికి అడుగుపెడుతుంది.

ఈ పనులలో ఒక్కొక్కదానిని నెట్‌వర్క్ ఫంక్షన్ అంటారు. ప్రక్క వీధిలోని పిల్లవానితో మాట్లాడినా, ఢిల్లీతో మాట్లాడినా ప్యాకెట్టు ఈ సింహద్వారం దాటవలసినదే. ఆ ద్వారం ఏ మహానగరంలో ఉంటే అంత దూరం పోయి, అక్కడి నుండి పాఠం నడిపే కంపెనీ సర్వరుకు పోయి, అదే దారిన తిరిగి రావలసినదే.

దూరం ఎంత ఖర్చు? గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బళ్లారి నుండి బెంగళూరు సుమారు 300 కిలోమీటర్లు. పోవుటకు, వచ్చుటకు కలిపి 600. అనగా 3 మిల్లీసెకన్లు. ఇది చాలా స్వల్పమని చదువరులకు తోచవచ్చును. తోచుట న్యాయమే. అసలు ఆలస్యం మరి మూడు చోట్ల ఉన్నది.

ఒకటి, గాలిలోని భాగం. 4జి ఫోను టవరుతో మాట్లాడుటకు తన వంతు కొరకు ఎదురు చూడవలెను. దీనికే పదుల మిల్లీసెకన్లు పట్టవచ్చును. రెండు, దారిలోని మజిలీలు. ప్రతి మజిలీలో ప్యాకెట్టు వరుసలో నిలుచుంటుంది. సాయంకాలం ఏడు నుండి పది వరకు ఈ వరుసలు చాంతాడంత అవుతవి. మూడు, ఒక చిన్న పనికి అనేక రాకపోకలు. ఒక పుట తెరవాలన్నా ముందు చిరునామా కనుగొనుటకు ఒకసారి, పలకరింపుకు ఒకసారి, రహస్య తాళం కుదుర్చుకొనుటకు ఒకసారి, పుట అడుగుటకు ఒకసారి, సాధారణంగా నాలుగు సార్లు పోయి రావలెను. ఒక్క రాకపోకకు 60 మిల్లీసెకన్లు అనుకొంటే నాలుగింటికి 240. అదే 20 అయితే 80 మాత్రమే. దారి కుదించినప్పుడు కలిసి వచ్చేది ఈ గుణకారం వల్లనే.

ఇనుప పెట్టె నుండి సాఫ్ట్‌వేరుకు

దారి కుదించుట ఇంత లాభమైతే ఆ పనులను మొదటినుండి దగ్గరనే ఎందుకు పెట్టలేదు? పూర్వం ఒక్కొక్క ఫంక్షనుకు ఒక్కొక్క ప్రత్యేకమైన యంత్రం ఉండేది. ఫైర్‌వాలుకు ఒక పెట్టె, గేట్‌వేకు ఒక పెట్టె, లెక్కలకు ఒక పెట్టె. ఒక్కొక్కటి ఎంతో ఖరీదు. దానిని తెలిసినవారు వేరు, దానికి విడిభాగాలు వేరు. అటువంటి పెట్టెలను రాష్ట్రానికి ఒకటి రెండు చోట్ల పెట్టుకొనుటే కంపెనీలకు సాధ్యమైనది.

2012 అక్టోబరులో అమెరికా, ఐరోపా, ఆసియా, ఆస్ట్రేలియాలకు చెందిన 13 పెద్ద టెలికాం సంస్థలు కలిసి, జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో జరిగిన సభలో ఒక పత్రం ప్రకటించినవి. దాని సారాంశం సులభమే. ప్రత్యేక పెట్టెలు వద్దు. మామూలు సర్వర్లు కొందాము. ఫైర్‌వాల్, గేట్‌వే మొదలైన పనులను సాఫ్ట్‌వేరుగా వ్రాసి ఆ సర్వర్లపై నడుపుదాము. ఇట్లు సాఫ్ట్‌వేరుగా మారిన పనిని వర్చువల్ నెట్‌వర్క్ ఫంక్షన్ అంటారు. ఐరోపా ప్రమాణాల సంస్థ ఎట్సి ఈ పనికి పూనుకొని నియమాలు వ్రాసినది.

మన ఇళ్లలో దీనికి ఉదాహరణ ఉన్నది. ఒకప్పుడు గడియారం వేరు, రేడియో వేరు, కెమెరా వేరు, టార్చిలైటు వేరు. ఇప్పుడు అవన్నీ ఒకే ఫోనులోనికి వచ్చినవి. నెట్‌వర్కు యంత్రాలకు కూడ అదే జరిగినది. సాఫ్ట్‌వేరు అయిన తరువాత దానికి ఒక సుగుణం వచ్చినది: దానిని లారీ మీద తరలించనక్కరలేదు. సర్వరు, కరెంటు, తీగ ఉన్న ఏ చోటనైనా కొద్ది నిమిషాలలో నడపవచ్చును, వద్దనుకొంటే తీసివేయవచ్చును.

అప్పుడు సహజంగా తరువాతి ప్రశ్న వచ్చినది. ఎక్కడైనా నడపగలిగినప్పుడు వాడుకరికి దగ్గరగానే ఎందుకు నడపరాదు? ఎట్సి 2014లో దీనికి వేరొక బృందమును ఏర్పరచినది. వాడుకరికి దగ్గరగా ఉన్న ఆ చోటును నెట్‌వర్కు అంచు అంటారు. 2017లో మొబైల్ ప్రమాణాలు మరొక మెట్టు ఎక్కినవి. గేట్‌వేలో రెండు పనులు ఉన్నవి: ఎవరిని అనుమతించవలెను, ఎటు పంపవలెను అని నిర్ణయించుట ఒకటి, అసలు ప్యాకెట్లను మోయుట రెండవది. ఈ రెంటిని విడదీసి, నిర్ణయం నగరంలోనే ఉంచి, మోత మాత్రం దూరపు జిల్లాలలో పెట్టుటకు వీలు కల్పించినారు. 5జి ఈ పునాది మీదనే కట్టబడినది.

పని దగ్గరకు వచ్చుట మనకు క్రొత్త కాదు

మన ప్రాంతంలో ఇటువంటి మార్పును పెద్దవారు కన్నులారా చూచినారు. సరిహద్దుకు ఆవలి ఆలూరు, ఆదోని, రాయదుర్గం వైపు 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. భూమి కాగితం, ఆదాయ ధ్రువపత్రం కొరకు తాలూకా కేంద్రానికి పోయి పూటంతా కాచుకొన్న రైతుకు కచేరి దగ్గరయినది. ప్రభుత్వం మారలేదు, చట్టం మారలేదు. పని జరిగే చోటు మాత్రమే మారినది.

టెలిఫోనులోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. ప్రభుత్వం 1984లో సి-డాట్ అనే పరిశోధన సంస్థను స్థాపించినది. శ్యాం పిట్రోడా దానికి మార్గదర్శకుడు. ఆ సంస్థ పల్లెల కొరకు 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని తయారు చేసి, 1986లో మన కర్ణాటకలోనే, కిత్తూరులో, మొదటిదానిని నెలకొల్పినది. విదేశీ ఎక్స్ఛేంజిలకు చల్లని గదులు కావలెను. దీనికి ఎయిర్ కండిషనరు అక్కరలేదు. మన ఎండలకు, దుమ్ముకు ఓర్చుకొనునట్లు దీనిని చేసినారు. ఊరిలోని ఒకరు అదే ఊరిలోని మరొకరితో మాట్లాడుటకు మాటను పట్నం దాకా పంపనక్కర లేకుండ చేసినది ఇటువంటి చిన్న ఎక్స్ఛేంజియే. నెట్‌వర్కు అంచు అన్న మాట అప్పుడు లేకపోయినా, పని మాత్రం అదే.

ఇంటర్నెట్టులోనూ ఇట్టిది ఒకటి జరిగినది. ఒకప్పుడు మన దేశంలోని రెండు ఇంటర్నెట్ కంపెనీల వాడుకరులు పరస్పరం పంపుకొనే సమాచారం కూడ విదేశాలకు పోయి తిరిగి వచ్చేది. ఆ కంపెనీలు దేశంలో ఒకదానితో ఒకటి కలిసే చోటు లేకపోవుటే కారణం. 2003లో నిక్సీ అనే సంస్థ ఏర్పడి, దేశంలోనే కూడళ్లు పెట్టిన తరువాత ఆ వృథా ప్రయాణం తగ్గినది.

ఎక్కడ పెట్టవలెను?

ఇంతవరకు చదివినవారు, "అయితే ఊరికొక సర్వరు పెట్టరాదా?" అనవచ్చును. ఇక్కడనే లెక్క కావలెను.

ఒక తాలూకాలో 60 ఊళ్లు ఉన్నవని అనుకొందాము. ఊరికొకటి చొప్పున 60 సర్వర్లు. ప్రతిదానికి కరెంటు, బ్యాటరీ, వేసవి ఎండకు చల్లదనం, తాళం, మరమ్మతు చేయు మనిషి. పగలంతా అవి దాదాపు ఖాళీగా ఉంటవి. సాయంకాలం జాతర నాడు ఒక ఊరి సర్వరు మీద ఊపిరాడనంత పని పడుతుంది; ప్రక్క ఊరిది మాత్రం తీరికగా ఉంటుంది. ఒంటి కిటికీ గల పోస్టాఫీసులో వరుస పెరిగినట్లు, ఆ చిన్న సర్వరు వద్ద ప్యాకెట్ల వరుస పెరుగుతుంది. దారిలో మిగిల్చిన సమయం వరుసలో పోతుంది. అదే జిల్లా కేంద్రంలో ఒక గట్టి కేంద్రం ఉంటే అన్ని ఊళ్ల పని కలిసి సర్దుకొంటుంది.

దూరము లెక్క కూడ చూడవలెను. ఊరి నుండి బళ్లారి 30 కిలోమీటర్లు అనుకొంటే పోక, రాక కలిపి 60 కిలోమీటర్లు. వెలుగుకు అది మిల్లీసెకనులో మూడవ వంతు కూడ కాదు. ఊరిలోనే పెట్టినా ఈ కొద్దిపాటిని మించి మిగలదు. కావున మన పాఠాలకు, మాటలకు, వైద్య సలహాకు ఊరికొకటి అవసరం లేదు. రాష్ట్ర రాజధాని నుండి జిల్లాకు వచ్చుటలోనే అసలు లాభం ఉన్నది. యంత్రాలు క్షణక్షణం ఆజ్ఞలు అందుకోవలసిన చోట మాత్రం ఆ ఆవరణలోనే పెట్టుకొనుట న్యాయం. తోరణగల్లు ఉక్కు కర్మాగారం వంటి పెద్ద పరిశ్రమలు తమ ఆవరణకు సొంతంగా 5జి నెట్‌వర్కు ఏర్పరచుకొనుటకు కేంద్ర టెలికాం శాఖ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చినది.

మరొక మెలిక ఉన్నది. పనులు గొలుసుగా ఉన్నవి. వానిలో ఒక్కదానినే దగ్గరకు తెచ్చి మిగిలినవానిని దూరాన ఉంచితే ప్రయోజనం సున్న. ఒక ధ్రువపత్రానికి మొదటి సంతకం మీ ఊరిలో, రెండవది జిల్లా కేంద్రంలో, మూడవది మరల మీ ఊరిలో, నాలుగవది జిల్లా కేంద్రంలో పెట్టవలెనంటే మీకు రెండుసార్లు బస్సు ఛార్జీ తప్పదు. మొదటి సంతకం దగ్గరయినందుకు సంతోషించుట వృథా. అట్లే గేట్‌వే బళ్లారిలో, ఫైర్‌వాల్ బెంగళూరులో, చిరునామా సర్దు పని మరల బళ్లారిలో ఉంటే ప్యాకెట్టు ముందుకంటె ఎక్కువ తిరుగుతుంది. గొలుసులో వరుసగా వచ్చే పనులన్నీ ఒకేచోట పెట్టవలెను. చివర ఇంటర్నెట్టు కూడలి, తరచుగా చూచే పాఠాల నకలు కూడ దగ్గరగా ఉండవలెను. ఎగువ కాలువ మీద పెన్న అహోబిలం వద్ద బ్యాలెన్సింగ్ రిజర్వాయరు కట్టి, నీటిని చివరి పొలాలకు దగ్గరగా నిలువ చేసినది ఇందుకే కదా.

దగ్గరకు రానివి కొన్ని

అన్నిటిని అంచుకు తేవచ్చుననుకొనుట పొరపాటు. చౌక ధరల దుకాణంలో వ్రేలిముద్ర వేసినప్పుడు జవాబు ఆధార్ సంస్థ కేంద్ర భాండాగారం నుండి రావలెను. అది బెంగళూరు, హర్యానాలోని మానేసర్ కేంద్రాలలో భద్రపరచబడి ఉన్నది. దానిని ముక్కలు చేసి ఊరూరా పెట్టుట మంచిది కాదు. దొంగలకు ద్వారాలు తెరచినట్లవుతుంది. యూపీఐ ద్వారా డబ్బు పంపినప్పుడు కూడ మీ బ్యాంకు, అవతలి బ్యాంకు ఖాతా పుస్తకాలు ఒప్పుకోవలెను. ఆ పుస్తకాలు దూరాన ఉంటవి. ఫోను ఎవరిదో చెప్పే చందాదారుల పట్టిక కూడ అంతే.

కనుక ఒక సూత్రం గుర్తుంచుకొందాము. మోయుట, ఆపుట, నకలు ఇచ్చుట, దారి చూపుట అనే పనులు దగ్గరకు రావచ్చును. అందరికీ ఒకే సత్యం చెప్పవలసిన పుస్తకం మాత్రం దూరానే ఉంటుంది. రేషను దుకాణంలో ఆలస్యానికి అంచు సర్వరు పూర్తి మందు కాదు. అక్కడికి చేరే దారి బాగుపడుట మాత్రమే దాని వల్ల కలుగు మేలు.

సరిహద్దు ఊళ్లకు ఉన్న ప్రత్యేకమైన చిక్కు

మన దేశం టెలికాం సేవలకు 22 ప్రాంతాలుగా విభజింపబడి ఉన్నది. కర్ణాటక ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండూ కలిసి నేటికీ ఒకటి. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా చీలినప్పుడు గీచిన గీతయే ఇంచుమించుగా మన వద్ద ఈ రెండు టెలికాం ప్రాంతాలకు కూడ గీత. బంధువులు అటు, పొలాలు ఇటు ఉన్న మన కుటుంబాలలో ఒకే ఇంట రెండు ప్రాంతాల సిమ్ములు ఉండుట సర్వసాధారణం.

ఆంధ్ర ప్రాంతపు సిమ్ము ఉన్న ఫోను ఈవల కర్ణాటక టవరును పట్టుకొన్నప్పుడు అది రోమింగులో ఉన్నట్లు లెక్క. 2015 జూలై నుండి దేశమంతటా నంబరు మార్చకుండ కంపెనీ మారవచ్చును. రోమింగు ఛార్జీల బెడద కూడ క్రమంగా తగ్గిపోయినది. కాని ఛార్జీ పోయినంత మాత్రాన దారి కుదించుకొనిపోలేదు. మొబైల్ ప్రమాణాలలో రోమింగుకు రెండు పద్ధతులు ఉన్నవి. ఒకటి, ప్యాకెట్టును సిమ్ము యొక్క సొంత ప్రాంతపు గేట్‌వేకు త్రిప్పి పంపుట. రెండు, ఉన్నచోటనే ఇంటర్నెట్టులోనికి వదలుట.

మొదటి పద్ధతిలో దారి ఎట్లుండవచ్చునో చూడండి. ఊరి నుండి బెంగళూరు 300 కిలోమీటర్లు, అక్కడి నుండి హైదరాబాదు సుమారు 570, పాఠం సర్వరు చెన్నైలో ఉన్నదనుకొంటే మరొక 630. మొత్తం 1500. పోక, రాక 3000 కిలోమీటర్లు. వెలుగు ప్రయాణమే 15 మిల్లీసెకన్లు, మజిలీల వరుసలు అదనం. ఇంతా చేసి మాట చేరవలసినది ప్రక్క వీధికి. అంచు సర్వరు బళ్లారిలో పెట్టినా, సరిహద్దు సిమ్ములకు రెండవ పద్ధతిని అనుమతించనిదే మనకు దాని వల్ల ఫలం అందదు. ప్యాకెట్టు ఆ సర్వరు గుమ్మం ముందు నుండే హైదరాబాదుకు పోతుంది. దగ్గర అనేది కిలోమీటర్లతో కొలిచేది మాత్రమే కాదు, ఏ ప్రాంతపు పుస్తకంలో మన పేరు ఉన్నదో దానితోను కొలిచేది. సరిహద్దు ఊరివారు మరువరాని విషయం ఇది.

దేశంలో ఎంతవరకు వచ్చినది?

2016 సెప్టెంబరులో జియో రాకతో మాటను కూడ ఇంటర్నెట్ ప్యాకెట్లుగా పంపే నెట్‌వర్కు దేశమంతట విస్తరించినది. 2022 సెప్టెంబరులో ఎయిర్‌టెల్, ఐబీఎం సంస్థలు 20 నగరాలలోని 120 నెట్‌వర్కు కేంద్రాలలో అంచు సర్వర్లు పెట్టు ప్రణాళికను ప్రకటించినవి. అదే సంవత్సరం అక్టోబరు 1న దేశంలో 5జి ప్రారంభమైనది. పల్లెలకు గాజు తీగ చేర్చుటకు 2011 అక్టోబరులో ఆమోదం పొందిన పథకమే నేటి భారత్‌నెట్. అది తాలూకా లేక బ్లాకు కేంద్రం నుండి గ్రామ పంచాయతీల వరకు తీగ వేయుటకు ఉద్దేశించినది. ఈ తీగ లేనిదే ఎక్కడ సర్వరు పెట్టినా మాట దాని వరకు పోవుటకు ఇరుకు దారియే మిగులుతుంది. నగరాల తరువాత జిల్లాల వంతు. జిల్లాలలో ముందు ఏవి అన్నది అడిగేవారిని బట్టి కూడ ఉంటుంది.

మన ఇంట చేయదగిన పరీక్ష

అడుగుటకు ముందు మన లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనవలెను. స్పీడు కొలిచే యాప్ ఏదైనను తెరచిన యెడల పింగ్ అనే ఒక అంకె మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. జాప్యమంటే అదే. అది తక్కువ ఉంటే మేలు. ఉదయం ఆరింటికి, రాత్రి ఎనిమిదింటికి, మూడు దినాలు ఒక కాగితం మీద వ్రాసుకొనండి. పెద్ద తరగతుల పిల్లలకు ఇది మంచి అభ్యాసం.

ఇంటిలో ఎక్కువ, ఆరుబయట తక్కువ వస్తే లోపం సిగ్నలుది. ఉదయం తక్కువ, రాత్రి ఎక్కువ వస్తే లోపం రద్దీది. టవరో, అక్కడి నుండి పోయే తీగయో చాలదని అర్థం. స్పీడు బాగుండి, ఏ వేళనైనా పింగ్ ఎక్కువే ఉంటే దారి దూరమైనదని అనుమానించవచ్చును. అప్పుడు అదే కంపెనీకి చెందిన ఇటు ప్రాంతపు సిమ్ముతో, అటు ప్రాంతపు సిమ్ముతో ఒకేచోట నిలిచి పోల్చి చూడండి. తేడా స్పష్టంగా ఉంటే పిల్లల పాఠాలకు తక్కువ అంకె చూపిన సిమ్మునే వాడండి. సరిహద్దులో ఫోను తనంతట తానే అటు టవరుకు, ఇటు టవరుకు మారుతుంటే, సెట్టింగులలో నెట్‌వర్కును మనమే ఎంచుకొను వీలున్నది.

ఆ కాగితంతో మొదట కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి, అక్కడ పరిష్కారం లేనప్పుడు అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. 2012 నాటి ట్రాయ్ నియమాలు ఈ రెండంచెల హక్కును మనకు ఇచ్చినవి. గ్రామసభలోనూ అడగవచ్చును. ఇంతకాలం మన కోరిక ఒక్కటే: "మా ఊరికి టవరు కావలెను." ఇకమీదట మరి మూడు ప్రశ్నలు చేర్చవలెను. టవరు వరకు గాజు తీగ ఉన్నదా? మా మాట ఏ ఊరి గేట్‌వే గుండా పోతున్నది? సరిహద్దు సిమ్ములను దగ్గరి గేట్‌వే గుండా వదలుటకు వీలున్నదా?

ఆ బాలుడు ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుతున్నాడు. ఎక్కాలు అన్నీ వచ్చును. కాని ఫోనులో పాఠం అనగానే ఇప్పటికీ వినుటయే గాని జవాబు చెప్పడు. తప్పు అనిపించుకొన్నది అతని లెక్క కాదు, అతని మాట నడచిన దారి అని నేను అతనికి చెప్పినాను. చెప్పుటకు మాత్రం నాకు ఎంతోకాలం పట్టినది. మీ ఇంట కూడ ఫోను ముందు కూర్చొని మౌనంగా ఉన్న బిడ్డ ఉంటే, మందలించుటకు ముందు ఒకసారి ఆ పింగ్ అంకె చూడండి.